పచ్చ చీరా, ఎర్రంచూ ఒకే బూడిద రంగులోకి ఎలా వెళ్లాయి? – ఫోటోల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. కలర్ ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేస్తే చప్పగా వస్తోందని, కడిగేసినట్టుందని, పాత సినిమాల్లో ఉన్నట్టు ఎందుకు రావట్లేదని. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ నెలంతా దీనికే ఇచ్చేస్తున్నాను. లెన్స్ కొనాలా వద్దా అని అడిగినవాళ్లు ఒక నెల ఓపిక పట్టండి, ఈలోగా డబ్బులైనా మిగులుతాయి.

ప్రశ్న: మా నాన్నగారి షష్టిపూర్తికి అమ్మ ఆకుపచ్చ కంచిపట్టు చీర కట్టుకుంది, ముదురు ఎర్రంచు. ఫోటో కలర్‌లో చాలా బాగుంది. ఫ్రేమ్ కట్టించడానికి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేస్తే చీరా అంచూ కలిసిపోయి ఒకే ముద్దలా తయారైంది. మా తమ్ముడు కంప్యూటర్లో డీశాచురేట్ (రంగులు తీసేసే బటన్) అనేది కొడితే అంచు తెలిసింది గానీ అమ్మ నుదుటి మీద బొట్టు మాయమైపోయింది. అమ్మ అది చూసి చాలా బాధపడింది. తప్పు ఫోన్‌దా, కంప్యూటర్‌దా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండిటిదీ కాదండీ. రెండూ తమ తమ లెక్క ప్రకారం సరిగ్గానే చేశాయి. ఆ లెక్కల్లో మీ అమ్మగారి బొట్టుకి చోటు లేదు, అంతే.

కలర్ ఫోటోలో ప్రతి చుక్కకీ మూడు అంకెలుంటాయి – ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటీ 0 నుంచి 255 వరకు. బ్లాక్ అండ్ వైట్ చేయడమంటే ఆ మూడింటి స్థానంలో ఒక్క అంకె పెట్టడం. ఆ ఒక్కటీ ఎలా పుట్టించాలన్న దగ్గరే అన్ని తేడాలూ వస్తాయి. చాలా ఫోన్ ఫిల్టర్లు పాత టీవీల కాలం నాటి లెక్కకి దగ్గరగా వెళ్తాయి: ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం కలుపుతాయి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి అలా పెట్టారు. ఇప్పుడు మీ చీర తీసుకుందాం. ముదురు ఎర్రంచు 180, 30, 40 దగ్గర ఉందనుకోండి, ఆకుపచ్చ ఒంటిభాగం 30, 110, 50 దగ్గర. కాగితం మీద మీరే లెక్క కట్టి చూడండి, అంచుకి 76 వస్తుంది, చీరకి 79. మూడే మూడు అంకెల తేడా. ఏ కన్ను పట్టుకుంటుంది దాన్ని?

మీ తమ్ముడు వాడిన డీశాచురేట్ లెక్క వేరు. ఫోటోషాప్‌లో అయితే అది మూడంకెల్లో పెద్దదీ చిన్నదీ తీసుకుని కలిపి సగం చేస్తుంది, మధ్యలో ఉన్నదాన్ని పట్టించుకోదు. అంచు 105, చీర 70, కాబట్టి విడిపోయాయి. కానీ కుంకుమ బొట్టు 190, 30, 40 అనుకుంటే దానికి వచ్చేది 110. చామనఛాయ ముఖం 150, 100, 75 అనుకుంటే దానికి 112. బొట్టు ముఖంలో కలిసిపోయింది! ఇంకో విడ్డూరం, ఈ లెక్కలో నిఖార్సైన పసుపుపచ్చకీ నిఖార్సైన నీలానికీ ఒకే బూడిద రంగు వస్తుంది. బంతిపూల దండ, నీలం చొక్కా ఒకేలా కనబడతాయన్నమాట. ఆ బటన్ ఇంకా మెనూలో ఎందుకుందో నాకైతే అర్థం కాదు.

చేయాల్సిందేమిటంటే, ఏ రంగు ఎంత ముదురుగా పడాలో మీరే చెప్పడం. ఫోటోషాప్‌లో 2007లో వచ్చిన సీఎస్3 నుంచి బ్లాక్ అండ్ వైట్ అనే అడ్జస్ట్‌మెంట్ ఉంది. దాన్ని లేయర్‌గా, అంటే ఫోటో మీద పరిచిన విడి పొరలా, పెట్టుకోండి, అప్పుడు కింద కలర్ ఫోటో చెక్కుచెదరకుండా ఉంటుంది. రంగుకొకటి చొప్పున ఆరు స్లైడర్లు (అటూ ఇటూ జరిపే మీటలు) కనిపిస్తాయి. తెరవగానే ఎరుపుకీ ఆకుపచ్చకీ ఒకటే అంకె ఉంటుంది, 40. ఎరుపుని 10కి దించి ఆకుపచ్చని 90 దాకా లేపండి. అంచు చిక్కగా నల్లబడుతుంది, చీర తేలికవుతుంది, బొట్టు చుక్కలా నిలబడుతుంది. ముఖం కూడా కొంచెం నల్లబడుతుంది, కంగారు పడకండి, మన చర్మంలో ఎరుపూ పసుపూ రెండూ ఉంటాయి కాబట్టి అలా అవుతుంది. పసుపు స్లైడర్ కాస్త పెంచితే సగం తిరిగొస్తుంది, దాంతోపాటు జరీ కూడా మెరుస్తుంది, అది మీకు ఉచితం. మిగతా సగానికి ముఖం వరకు మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో చెప్పే ముసుగు) వేసుకోండి, బొట్టుని మాస్క్‌లోంచి వదిలేసి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఈ తిప్పలు తక్కువ. అక్కడ ఎనిమిది స్లైడర్లు, నారింజ రంగుకి విడిగా ఒకటి ఉంటుంది, మన ముఖాలు ఎక్కువగా ఆ నారింజలోకే వస్తాయి. ఎరుపు దించి నారింజని ఉన్నచోటే ఉంచితే సరి.

ఇంకోమాట, ఏ స్లైడర్ దేనిదో గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ చిన్న చేతి గుర్తు లాంటిదో, చుక్క లాంటిదో ఒక పరికరం ఉంటుంది. దాన్ని పట్టుకుని నేరుగా అంచు మీద క్లిక్ చేసి లాగితే ఆ రంగు స్లైడరే కదులుతుంది. నేను స్లైడర్ల పేర్లు చదవడం మానేసి చాలా ఏళ్లయింది.

ప్రశ్న: కంప్యూటర్ లేదు, డబ్బు కట్టే యాప్‌లు వద్దు. ఫోన్లోనే అయ్యే దారి చెప్పండి. – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: స్నాప్‌సీడ్ అనే యాప్ సరిపోతుంది, ఉచితం. అందులో బ్లాక్ అండ్ వైట్ అనే టూల్ తెరిస్తే తయారు స్టైళ్లు కనిపిస్తాయి, అందరూ అక్కడే ఆగిపోతారు. మీరు పక్కనే ఉన్న రంగు ఫిల్టర్ల దాకా వెళ్లండి – ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. సూత్రం ఒకటే: ఏ రంగు ఫిల్టర్ పెడితే ఫోటోలో ఆ రంగు తెల్లబడుతుంది, దానికి ఎదురు రంగు నల్లబడుతుంది. పైన తెనాలి చీరకి ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే అంచు నల్లగా విడిపోతుంది, ఎరుపు పెడితే అంచే వెలుగుతుంది. ఐదూ ఒకసారి నొక్కి చూడండి, నిమిషం కూడా పట్టదు. ఒక్కో రంగునీ విడిగా కదపాలంటే లైట్‌రూమ్ మొబైల్ ఉచిత వెర్షన్ చాలు. కంప్యూటర్ దొరికిన రోజున గింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, అదీ ఉచితమే. అందులో డీశాచురేట్‌కే ఐదు రకాల లెక్కలున్నాయి, ఒకే ఫోటో మీద ఐదూ వేసి పక్కపక్కన పెట్టుకుంటే పై జవాబంతా రెండు నిమిషాల్లో కళ్లకు కడుతుంది.

ప్రశ్న: గండికోట వెళ్లాం. పెన్నా లోయ, ఎర్ర రాళ్లు, పైన నీలాకాశం. ఆకాశం నల్లగా, డ్రామాగా రావాలని నీలం స్లైడర్ పూర్తిగా దించేశాను. నల్లబడింది గానీ ఆకాశమంతా ఇసుక చల్లినట్టు, రాళ్ల అంచుల వెంట తెల్లటి గీతలతో గళ్లు గళ్లుగా వచ్చింది. ఫోటో ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపాడు. – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ చివరి వాక్యంలోనే జవాబుంది చూడండి.

ముందు మీ ఆలోచన సరైనదే అని చెప్పాలి, దానికి పెద్ద చరిత్ర ఉంది. 1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ అనే పేరున్న ఫోటోగ్రాఫర్ హాఫ్ డోమ్ అనే కొండని తీయబోయాడు. మొదట పసుపు ఫిల్టర్‌తో ఒక ప్లేటు (అప్పట్లో ఫిల్మ్‌లా వాడిన గాజు పలక) తీసి, అది తన మనసులో ఉన్నట్టు రాదనిపించి, చివరి ప్లేటుకి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఎరుపు గాజు నీలం వెలుగుని ఆపేస్తుంది కాబట్టి ఆకాశం దాదాపు నల్లగా పడింది, దాని ముందు కొండ నిలబడింది. మీరు స్లైడర్‌తో చేసింది కూడా అదే పని. గండికోట అయితే ఇంకా అనుకూలం, రాళ్లే ఎర్రటివి కాబట్టి ఎరుపు పెంచితే రాయి వెలుగుతుంది, నీలం దించితే ఆకాశం మునుగుతుంది.

తేడా ఎక్కడంటే, ఆయన లెన్స్ ముందు వెలుగునే ఆపాడు, మీరు తర్వాత అంకెలతో కుస్తీ పడుతున్నారు. కెమెరా సెన్సర్లో సగం గళ్లు ఆకుపచ్చవి, ఎరుపుకి పావు, నీలానికి పావు. ఎరుపు, నీలం చానెళ్లలో (ఒక్కో రంగు అంకెల పొరని చానెల్ అంటారు) అసలే సమాచారం తక్కువ, నాయిస్, అంటే ఇసుక లాంటి మచ్చలు, ఎక్కువ. దాని మీద జెపెగ్, అంటే ఫోటోని కుదించి ఉంచే మామూలు ఫైల్ రకం, ఇంకో పని చేస్తుంది. వెలుగు వివరాలు చుక్క చుక్కకీ విడిగా ఉంచి, రంగు వివరాలు మాత్రం సాధారణంగా నాలుగు చుక్కలకీ కలిపి ఒకటే ఉంచుతుంది. మామూలుగా చూస్తే ఇది మన కంటికి తెలియదు, అదే దాని తెలివి. కానీ మీరు రంగుని పట్టుకుని వెలుగుగా మారుస్తున్నారు కదా, దాచిపెట్టిన ఆ మోటుతనమంతా బయటపడుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి మళ్లీ కుదించబడుతుంది, ఇక మిగిలేది పిండి తీసిన చెరుకు పిప్పి.

మీ ఫ్రెండ్‌ని అసలు ఫైల్ డాక్యుమెంట్‌గా పంపమనండి. రా ఫైల్ (సెన్సర్ పట్టుకున్న సమాచారాన్ని జెపెగ్‌గా మార్చకుండా ఉంచిన ఫైల్) ఉంటే అది ఇంకా మంచిది. జెపెగ్‌లో ఒక్కో చానెల్‌కి 256 మెట్లుంటే, 14 బిట్ రా ఫైల్లో 16,384 ఉంటాయి, అంత లాగినా మెట్ల మధ్య గీతలు కనబడవు. అప్పుడు కూడా నీలాన్ని అడుగుకంటా తోసేయకుండా నాలుగో వంతు దించి ఆగి, మిగతాది ఆకాశం వరకు గ్రేడియంట్ (మెల్లగా పలచబడే) మాస్క్ వేసి వెలుగు తగ్గించి సాధించండి. అన్నట్టు, వానాకాలం మబ్బు ఆకాశానికి ఇవేవీ పనిచేయవు. దాంట్లో నీలమే లేదు, స్లైడర్ దేన్ని పట్టుకుంటుంది పాపం.

ప్రశ్న: స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాను. పెళ్లికూతురిని చేసిన రోజు ఫోటోలు బ్లాక్ అండ్ వైట్‌లో అడిగారు. ముఖానికి పసుపు రాసి ఉంది, కన్వర్ట్ చేస్తే మరకల్లా కనిపిస్తోంది. పైగా వాళ్లమ్మగారు అమ్మాయి తెల్లగా రావాలి అంటున్నారు. – ఒక ఎడిటర్, నిజామాబాద్

జవాబు: పసుపు సంగతి తేలిక. పసుపు స్లైడర్ దిగితే ముఖానికి మసి పూసినట్టుంటుంది, బాగా ఎక్కితే సున్నం కొట్టినట్టుంటుంది. నారింజ, పసుపు రెండూ కలిపి కదపండి, పసుపు రాసిన చోటూ రాయని చోటూ దగ్గర దగ్గరగా వచ్చేదాకా. కానీ పూర్తిగా కలపొద్దు. అది మంగళస్నానం ఫోటో, చెంప మీద పసుపు పలచగా, గడ్డం దగ్గర ముద్దగా ఉండటమే ఆ ఫోటో. జుట్టులోంచి కారుతున్న నీళ్లూ, మెడ దగ్గర ఆరిపోయి పగిలిన పసుపూ, వాటి కోసమే ఎవరైనా దీన్ని బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తారు.

ఇక తెల్లగా రావడం. నారింజ స్లైడర్ కుడివైపు తోస్తే ఎవరైనా తెల్లబడతారు, అందుకే అందరూ తోస్తారు. ప్లస్ 60 దాటాక ఏమవుతుందో ఒకసారి వంద శాతానికి జూమ్ చేసి చూడండి – పెదవులు చెంపల్లో కలిసిపోతాయి, ముక్కు పక్కన నీడ పోతుంది, ముఖం ఇడ్లీలా అవుతుంది. చామనఛాయ ముఖం మీద పక్కనుంచి కిటికీ వెలుగు పడితే వచ్చే మెరుపు తెల్లటి ముఖానికి రాదు. నేనైతే నారింజ ప్లస్ 10, 15 దగ్గర ఆపి, కళ్ల దగ్గర కొంచెం వెలుగు పెంచి, ఆ అమ్మగారికి రెండూ ప్రింట్ వేసి చూపిస్తాను. స్క్రీన్ మీద తెల్లది బాగుందనే అంటారు, ప్రింట్లు పక్కపక్కన పెడితే మాత్రం చాలాసార్లు రెండోదే తీసుకుంటారు. తీసుకోకపోతే, బిల్లు కట్టేది వాళ్లే కదా, ఏం చేస్తాం.

ప్రశ్న: నిజాం కాలం నాటి ఫోటోల్లా రావాలంటే ఏ ఫిల్టర్ పెట్టాలి? సెపియా పెడితే పెళ్లి శుభలేఖలా వస్తోంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: శుభలేఖ పోలిక బాగుంది! అందరూ ఆ పాతదనం గోధుమరంగులో ఉందనుకుంటారు, అసలు సంగతి రంగుల్ని ఏ మోతాదులో పట్టుకుందన్న దాంట్లో ఉంది. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఫోటోలు గమనించండి, చాలావాటిలో ఆకాశం ఖాళీ కాగితంలా తెల్లగా ఉంటుంది. ఆ రోజుల్లో హైదరాబాదులో మబ్బుల్లేక కాదు. ఆ కాలం ప్లేట్లు ప్రధానంగా నీలం వెలుగుకే స్పందించేవి, ఎరుపు వాటికి దాదాపు కనబడేది కాదు. నీలాకాశం మాడిపోయి తెల్లగా, ఎర్ర తలపాగా నల్లగా పడేవి.

కాబట్టి గండికోట ఆయనకి చెప్పినదానికి తలకిందులుగా చేయండి. ఫోటోషాప్ చానెల్ మిక్సర్‌లో మోనోక్రోమ్ టిక్ పెట్టి ఎరుపు 0, ఆకుపచ్చ 20, నీలం 80 ఇవ్వండి. చర్మం ముదురుగా, గరుకుగా వస్తుంది, ఆకాశం తెల్లబడుతుంది, పెదవులు నల్లబడతాయి. అప్పుడు చిటికెడు గోధుమరంగు వేస్తే నప్పుతుంది. మొటిమలున్నవాళ్ల మీద మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు, నీలం చానెల్ ఒక్కదాన్నీ వదలదు. మొన్న మా బావగారి మీద చేసి చూపించాను, ఇంకా మాట్లాడట్లేదు.

ప్రశ్న: నాన్నగారి సంవత్సరీకానికి పెద్ద సైజు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ వేయించాం. ల్యాబ్ నుంచి వచ్చింది చూస్తే లేత ఆకుపచ్చగా కొడుతోంది. స్క్రీన్ మీద బాగానే ఉంది. – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మామూలు ఫోటో ల్యాబ్ కాగితంలో నల్ల సిరా అనేది లేదండీ. అది కలర్ కాగితం, సయాన్, మెజెంటా, పసుపు అనే మూడు రంగుల పొరలు సమానంగా పడితేనే బూడిద రంగు. మెషీన్‌లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా కలర్ ఫోటోలో ఎవరూ పట్టుకోరు, బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. మా ఇంట్లో కూడా ఇలాంటిదే ఒకటి వచ్చింది, పగలు చూస్తే బాగానే ఉండేది, రాత్రి ట్యూబ్‌లైట్ కింద తాతయ్య లేత ఊదారంగులో ఉండేవారు.

దారులు రెండు. ఒకటి, బూడిద రంగుల సిరాలు విడిగా ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, ఖరీదెక్కువ. రెండోది నేను ఎప్పుడూ చేసేది, ఫైల్లోనే కనిపించీ కనిపించనంత వెచ్చటి టోన్ కలిపేయడం. కొద్దిగా గోధుమరంగు ఉంటే ఆ చిన్న తేడాలు దానిలో కలిసిపోతాయి, కావాలని చేసినట్టే ఉంటుంది. ఫైల్‌ని గ్రేస్కేల్ మోడ్‌లో పెట్టకండి, టోన్ నిలవదు. ఆర్‌జీబీలోనే (ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉండే మోడ్), ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రొఫైల్‌తో ఇవ్వండి. పెద్దది వేయించే ముందు ఒక చిన్న ప్రింట్ వేయించి ఇంటికి తెచ్చి, ఏ గోడకి పెడతారో ఆ గోడ దగ్గర, ఆ లైటు కిందే చూడండి.

ప్రశ్న: కెమెరాలోనే మోనోక్రోమ్ పెట్టి తీస్తే ఈ గొడవంతా ఉండదు కదా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రా ప్లస్ జెపెగ్ పెట్టుకుని తీయండి. స్క్రీన్ మీద (ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఉంటే అందులో కూడా) బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తూ ఉంటుంది, వెలుగూ నీడా చూడటం అలవాటవుతుంది, రా ఫైల్లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి. ఒట్టి జెపెగ్ అయితే రంగు ఇక రాదు.

ప్రశ్న: బతుకమ్మ ఫోటోలు బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఆర్ట్‌లా ఉంటాయని మా అన్నయ్య, పాపమని నేను. తీర్పు చెప్పండి. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పేర్చిన బతుకమ్మ దగ్గరి ఫోటో అయితే మీవైపే. తంగేడు పసుపు, బంతి నారింజ, రంగులద్దిన గునుగు, వరసకో రంగు అని కూర్చుని పేర్చినవాళ్ల శ్రమంతా బూడిదలో పోసినట్టే. అదే రాత్రిపూట చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతున్న ఆడవాళ్లూ, నేలమీద పొడుగ్గా పడ్డ నీడలూ అయితే అన్నయ్యవైపు. పైగా ఆ రాత్రి ఫోటోల్లో ఒకవైపు సోడియం లైటు పసుపు, ఇంకోవైపు ఎల్ఈడీ నీలం పడి కలర్ ఎలాగూ కంగాళీగా ఉంటుంది.

ప్రశ్న: మా అక్క సీమంతం ఫోటో బ్లాక్ అండ్ వైట్ చేసి పొరపాటున అసలు ఫైల్ మీదే సేవ్ చేసేశాను. రంగులు తిరిగి తెప్పించే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రంగులు వేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, తిరిగి తెచ్చేవి లేవు. మొదటి ప్రశ్నలో అంచుకి 76, చీరకి 79 వచ్చాయి కదా, ఇప్పుడు ఒట్టి 76 చూసి అది ఎరుపో పచ్చో నీలమో ఎవరు చెప్పగలరు? ఏఐ ఊహించి వేస్తుంది, ఆకాశానికి నీలం, ఆకులకి పచ్చ బాగానే వేస్తుంది, మీ అక్క చీరకి మాత్రం దానికి తోచింది వేస్తుంది, అక్క ఒప్పుకోదు. ముందు ఫోన్ గ్యాలరీలో ఆ ఫోటో తెరిచి ఎడిట్‌లోకి వెళ్లి రివర్ట్ అనే మాట ఉందేమో చూడండి, గ్యాలరీలోనే మార్చి ఉంటే చాలా ఫోన్లు అసలుది దాచి ఉంచుతాయి. లేదంటే క్లౌడ్ బ్యాకప్ చూడండి. అదీ లేకపోతే ఫ్యామిలీ గ్రూప్‌లో సీమంతం రోజు తారీఖు దాకా వెనక్కి వెళ్లండి, ఆ ఫోటో ఏ పిన్నిగారో పదిసార్లు ఫార్వర్డ్ చేసే ఉంటారు. నాణ్యత తక్కువే, కానీ చీర ఏ రంగో తెలుస్తుంది.